నాన్నగారి బ్యానర్లు, మన బొమ్మల కొట్టు

డబ్లిన్
ఆదివారం రాత్రి

అమ్మకీ నాన్నగారికీ నమస్కారాలు. బుజ్జికి ఆశీస్సులు, చివర్లో తనకి కొంచెం పని కూడా ఉంది, అంతవరకు పారిపోవద్దని చెప్పండి.

నేను బాగున్నాను. ఆఫీసు ఎప్పటిలాగే ఉంది, అందులో చెప్పుకోవడానికేం లేదు. ఇక్కడ ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నరకి కూడా వెలుగు పోవడం లేదు, కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకుంటున్నాను. ఫోన్లో చెప్పొచ్చు కదా, ఉత్తరం ఎందుకంటారేమో. ఫోన్లో నాన్నగారు "సరేలేమ్మా, తలకి నూనె రాసుకుంటున్నావా" అని మాట మార్చేస్తారు. ఉత్తరం దగ్గర ఆ పప్పులుడకవు.

అమ్మా, పోయినవారం నువ్వు చెప్పిన ముప్ఫై అయిదు వేల సంగతి, మన బొమ్మల కొట్టు గురించి పేపరులో వేయిస్తానని ఒకతను అడిగినవి. ఆ మనిషికి డబ్బు ఇచ్చారా? ఇవ్వకపోతే ఇవ్వొద్దు. పత్రికలో పావు పేజీ, నాన్నగారి ఫోటో, చూడ్డానికి వార్తలాగే ఉంటుంది అన్నాడన్నావు. డబ్బు పుచ్చుకుని వేసేది వార్త కాదు, ప్రకటన, వాడు దానికి వార్త చొక్కా తొడుగుతున్నాడు అంతే. అసలే ఇది ఆడి మాసం, తమిళవాళ్ళ తగ్గింపు ధరల నెల. చెన్నై టీ నగర్ బట్టల కొట్లు మొదటి పేజీలకి మొదటి పేజీలే కొనేసే రోజుల్లో మన పావు పేజీ ఎవరి కంటికి ఆనుతుంది? ఆ డబ్బుతో నాన్నగారి మోకాలి డాక్టరు దగ్గరికి వెళ్ళి రండి. ఎక్సరే తీయించారా అని మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ "ఆఁ" అన్నారు. "ఆఁ" అంటే తీయించినట్టా, విన్నట్టా?

నాన్నగారూ, మీరు పేపరువాళ్ళ మాటెత్తితేనే "మన గొప్ప మనం చెప్పుకోవడమేంటే" అంటారు. నాకు నవ్వొస్తుంది. మౌంట్ రోడ్డు మీద నలభై అడుగుల బ్యానర్లు వేసిన మనిషి ఈ మాట అనడం! స్టిల్ ఫోటో మీద గళ్ళు గీసి, అవే గళ్ళు గుడ్డ మీద పెద్దవి చేసి, ఒక్కో ముక్కూ ఒక్కో మీసమూ మన వీధి వెడల్పంత వేసి, జీవితమంతా ఊళ్ళోవాళ్ళ పబ్లిసిటీ చేశారు. ఆ బ్యానర్ల మూల కంపెనీ పేరుండేది, మీ పేరుండేది కాదు. ఆ తర్వాత ఫ్లెక్సు వచ్చి నాలుగైదేళ్ళలో అంతా ఊడ్చేసింది. ఇప్పుడు ఆ చేత్తోనే జానెడు దశావతారం బొమ్మకి ఆఖర్న కళ్ళు దిద్దుతున్నారు. ఇది గొప్పా? ఉన్న విషయం. దాన్ని ఎవరికైనా చెప్పడానికి పైసా కూడా ఖర్చవదు.

నిరుడు జరిగింది నేనేం మర్చిపోలేదు. ఒక పేపరులో నాలుగు వాక్యాలు వేశారు, ఫోన్ నంబరులో ఒక అంకె తప్పు పడింది, నవరాత్రులు తొమ్మిది రోజులూ వేళచ్చేరిలో ఎవరో కళ్ళజోళ్ళ కొట్టాయనకి "చెక్క మరపాచి బొమ్మలకి రంగు వేస్తారా" అని ఫోన్లు వెళ్ళాయి. పాపం ఆయన మనకే ఫోన్ చేసి తిట్టాడు. నాన్నగారు దాంతో ఇక పేపర్ల జోలికే వద్దన్నారు. కానీ తప్పు ఎక్కడ జరిగిందో చూడండి. మనం నంబరు నోటితో చెప్పాం, వాళ్ళు హడావుడిలో రాసుకున్నారు. నంబరు ఎప్పుడూ రాసి పంపాలి, మెయిల్ చివర ఒక వరసలో, అడ్రసూ గుర్తుగా ఏదైనా కలిపి. వేసేముందు మాకు చూపించండి అని అడిగితే వాళ్ళకి నచ్చదు, అడగకూడదు కూడా. "పేరు, నంబరు, అడ్రసు ఒక్కసారి సరిచూడండి" అంటే మాత్రం ఎవరూ కాదనరు.

ఇక్కడ మా ఇంటి కింద ఒక ముసలావిడ గొడుగులు బాగుచేస్తుంది. ఈ ఊళ్ళో ఆ పని ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి, రోజూ వానే కదా. అయినా కొట్టు ఖాళీగా ఉండేది, అందరూ పాత గొడుగు పారేసి కొత్తది కొనుక్కునేవాళ్ళు. ఆవిడ పేటలో పంచే చిన్న పత్రికకి తన దగ్గర ఉన్న పాత గొడుగుల గురించి ఒక ఉత్తరం రాసింది. కొట్టు గురించి కాదు, గొడుగుల గురించి. వాళ్ళే వచ్చి ఫోటో తీసుకుని వెళ్ళారు. ఆ మరుసటి వారం మెట్ల మీద వరస. నాకు మన వాకిలి గదిలోని కొట్టు గుర్తొచ్చి, ఆ రాత్రి కాస్త ఏడ్చాను. అమ్మా, కంగారు పడకు, బాగానే ఉన్నాను, ఊరికే ఏడ్చాను.

మనకి మన పేట పత్రిక మైలాపూర్ టైమ్స్ ఉంది. 1994 నుంచి వస్తోంది, మన గుమ్మంలో ఉచితంగా పడుతుంది, నాన్నగారు ముగ్గుల పోటీ ఫలితాల దాకా వదలకుండా చదువుతారు. మన వీధిలోవాళ్ళే కదా అది చదివేది, బొమ్మలు పట్టుకుని నడిచి రాగలిగేదీ వాళ్ళే. ముందు అక్కడ మొదలుపెట్టండి. ఆ తర్వాత హిందూ పేపరు అనుబంధం మెట్రోప్లస్, తమిళ పేపర్లు. అందరికీ ఒకే మెయిల్ ఒకేసారి కొట్టొద్దు. నిరుడు బొమ్మల కొలువు గురించి ఎవరు రాశారో వ్యాసం పైన పేరుంటుంది, ఆ మనిషికే విడిగా రాయాలి. రాసేది పది వరసలు చాలు. "నాణ్యమైన సేవలు, సరసమైన ధరలు" అని రాశారో, చెత్తబుట్టే. "మౌంట్ రోడ్డు సినిమా బ్యానర్లు వేసిన పెయింటరు ఇప్పుడు కొలువు బొమ్మలకి కళ్ళు దిద్దుతున్నారు" అని మొదటి వాక్యంలోనే ఉండాలి. పేపరువాళ్ళకి కావలసింది మన కొట్టు కాదు, చదివేవాళ్ళు పక్కవాళ్ళకి చెప్పుకునే కథ. సాయంత్రం పూట మాత్రం ఫోన్ చేయకండి, మర్నాటి పేపరు తయారయ్యే వేళ అది, విసుక్కుంటారు.

ఒకరికి ఇచ్చిన కథే ఇంకొకరికి ఇవ్వకూడదు. మన దగ్గర కథలకి కరువా? అమ్మమ్మ పెట్టెలోంచి వచ్చిన కొండపల్లి ఏనుగు అంబారీ ఉందిగా, తొండం విరిగితే నాన్నగారు మళ్ళీ తెల్లపొణికి చెక్కే వెతికి తెప్పించి అతికారు, మట్టితో పూయొచ్చు కదా అంటే వినలేదు. చెన్నపట్నంలో కొండపల్లి బొమ్మకి వైద్యం, అది ఒక కథ. కొలువులో శెట్టియారు దంపతుల బొమ్మల ముందు పరిచే పప్పుల కొట్టు, ఆ చిన్న చిన్న తక్కెడలు అమ్మ చేస్తుంది, అది ఇంకొకటి. అమ్మా, నీ పేరు కూడా రావాలి.

తొందర ఎందుకు పెడుతున్నానంటే, ఆగస్టు 22 మద్రాస్ డే. 1639లో ఆ రోజున దామర్ల వెంకటాద్రి నాయకుడు ఈస్టిండియా కుంఫిణీకి ఈ నేల ఇచ్చాడనీ, ఆ నాయకుడి నాన్న చెన్నప్ప పేరే చెన్నపట్నం అయిందనీ నాన్నగారు వచ్చినవాళ్ళందరికీ చెప్తారు కదా, మనవాళ్ళే ఇచ్చిన ఊరు అని మీసం తిప్పి మరీ. 2004 నుంచి ఆ వారమంతా ఊళ్ళో సందడి చేస్తున్నారు, పేపర్లన్నీ పాత మద్రాసు కథల కోసం వెతుక్కుంటాయి. బ్యానర్ల కథ అప్పటికి. ఆగస్టు మొదటి వారంలోపు మెయిల్ వెళ్ళిపోవాలి. బొమ్మల కథ నవరాత్రులకి మూడు నాలుగు వారాల ముందు. నెలవారీ పత్రికలైతే రెండు నెలల ముందే పేజీలు కట్టేసుకుంటారు, అంటే ఇవ్వాళే. పండగ వారంలో వార్త వస్తే ఏం లాభం, అప్పటికి అందరి బొమ్మలూ మెట్లెక్కేస్తాయి.

నాన్నగారూ, మీరు రోజూ పొద్దున నడిచే పార్కు ఎవరి పేరు మీద ఉంది? కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం పెట్టినప్పుడు ఏం చేశారు? సంగీత కచేరీల్లో ఉచితంగా పంచారు. తలనొప్పి తగ్గినవాళ్ళే మళ్ళీ కొట్టు వెతుక్కుంటూ రారూ? తర్వాత 1908లో ఆంధ్రపత్రిక కూడా పెట్టి, 1914లో మద్రాసు తెచ్చి దినపత్రిక చేశారు. విశ్వదాత అని లోకం మొక్కిన మనిషికి తన సరుకు గురించి నలుగురికీ తెలియజేయడం నామోషీ అనిపించలేదు. ఇక మీ ఇష్టం.

అక్కడ ఉల్లిపాయలు తగ్గాయా?

ఒక్క భయం మాత్రం నాకూ ఉంది. వార్త వస్తే ఒక్కరోజులో అరవై ఫోన్లు రావచ్చు. నాన్నగారి చెయ్యి రోజుకి రెండు బొమ్మలకి మించి నడవదు, నడవనివ్వకూడదు. వచ్చినవాళ్ళందరికీ సరే అనేసి పండక్కి ఇవ్వలేకపోతే ఆ తిట్టు కూడా ఊరంతా పాకుతుంది, అదీ ఉచితంగానే. కాబట్టి ఈ ఏడాదికి ఇన్ని బొమ్మలే అని ముందే లెక్క కట్టి, నోటుబుక్కులో చీటీ నంబర్లు వేసి, మిగిలినవాళ్ళ పేర్లు పండగ తర్వాతకి రాసుకోండి. సంక్రాంతి నుంచి వేసవి దాకా చేతులు ముడుచుకుని కూర్చునే బదులు అప్పుడు చేయొచ్చు కదా.

ఇప్పుడు బుజ్జి పని. పేపరులో వార్త మర్నాటికి బజ్జీల పొట్లం అవుతుంది. మనం రాసుకున్నది ఉంటుంది. బ్లాగర్‌లో గానీ వర్డ్‌ప్రెస్‌లో గానీ ఒక పేజీ తెరువు, డబ్బు కట్టక్కర్లేదు. మన కొట్టు గురించి రాయొద్దు. జనం రాత్రి పదకొండింటికి గూగుల్లో వెతుక్కునేవి రాయి. ముక్కు విరిగిన మట్టిబొమ్మని ఇంట్లోనే ఎలా అతకాలి, బొమ్మల్ని పెట్టెలో పెట్టేముందు ప్లాస్టిక్ కవర్లో కాకుండా పాత పంచె గుడ్డలో ఎందుకు చుట్టాలి (చెమ్మ లోపలే ఉండిపోయి రంగు పొట్టులేస్తుంది, నాన్నగారు చెప్తారు, రాసుకో), కాగితం గుజ్జు బొమ్మకీ మట్టిబొమ్మకీ తేడా ఎలా పట్టాలి. మన విద్య బయటపెడితే మన దగ్గరికి ఎవరొస్తారు అని నాన్నగారు అంటారు. చదివినవాళ్ళలో సగంమంది ప్రయత్నించి, ముక్కు వంకరగా అతికి, మనకే తెస్తారు. నువ్వు తమిళంలో రాయి, అమ్మ చెప్పింది చెప్పినట్టు తెలుగులో పెట్టు. నెలకి రెండు చాలు, ఆపకుండా రాయడం ముఖ్యం. గూగుల్ మ్యాప్‌లో కొట్టు పేరు పెట్టడం కూడా ఉచితమే, తెరిచే వేళలు, మధ్యాహ్నం నాన్నగారు పడుకునే గంట కూడా రాసిపెట్టు. నీ స్నేహితులతో అయిదు నక్షత్రాలు వేయించకు, ఇట్టే దొరికిపోతుంది.

రీల్స్ చేసే ఆ అమ్మాయి మూడు సెట్లు ఉచితంగా అడిగిందట కదా. ఇస్తే ఇవ్వండి, ఒక్కటి, అదీ చిన్నది. కానీ ఉచితంగా పుచ్చుకున్నా సరే అది ప్రకటనే అని వీడియోలో రాయాలని 2021 నుంచే నియమం ఉంది, ప్రకటనల ప్రమాణాల మండలి పెట్టింది. రాస్తావా అని ముందే అడుగు. రాయనంటే వద్దు.

ఫోటోలు పగటి వెలుగులో తియ్యి, వాకిట్లో, ఫ్లాష్ లేకుండా, రంగు వేయకముందు ఒకటి, వేశాక ఒకటి, అదే చోట అదే కోణంలో. నాన్నగారి ముఖం వద్దంటే చేతులు తియ్యి. పేపరుకి వాట్సాప్‌లో ఫోటోగా పంపితే నలిగిపోతుంది, మెయిల్‌కి జతచెయ్యి.

ఎనిమిదో తరగతిలో నాన్నేం చేస్తారని టీచరు అడిగితే "అడ్వర్టైజింగ్" అని చెప్పానండీ. అప్పటికి బ్యానర్లు ఆగిపోయి ఆర్నెల్లయింది, మీరు గోడలకి సున్నం వేస్తున్నారు. ఎందుకో ఇవాళ రాయాలనిపించింది. దీని గురించి ఫోన్లో అడగకండి.

దసరాకి రావడం కుదరదు. సెలవు దొరకలేదు, అంతే, ఇంకేం కారణం లేదు, అత్తయ్యకి కూడా అదే చెప్పండి. సన్నబడ్డానని ఫోటో చూసి అన్నదట, ఇక్కడి కెమెరా అలాంటిది.

మీ
పెద్దది

తా.క. బుజ్జీ, మెయిల్ పంపేముందు ఫోన్ నంబరు నాన్నగారి చేత పైకి చదివించు. ఆ తర్వాత ఆ నంబరుకి నువ్వే ఒకసారి ఫోన్ చేసి చూడు, మన ఇంట్లోనే మోగుతుందో, వేళచ్చేరిలోనో.