మన వాటర్‌కలర్ సంఘం: ఈ ఏడాది వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఫొటో ముందు పెట్టుకుని అచ్చు దింపినట్టు వేయడం తగ్గించి, ఈ ఏడాదంతా లూజ్ వాటర్‌కలర్ (ప్రతి వివరమూ గీయకుండా, నీళ్ళలో రంగును పారనిచ్చి వేసే పద్ధతి) నేర్చుకుందామని గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. ఆ మాట నిలబెట్టుకున్నాం. నెలకు రెండు ఆదివారాలు కలిశాం. కొత్తగా చేరినవాళ్ళలో చాలామంది స్కూలు రోజుల తర్వాత మళ్ళీ కుంచె పట్టింది ఇక్కడే. వారమంతా ఆఫీసు టెన్షన్‌తో గడిపి, ఈ రెండు గంటల కోసమే ఎదురుచూస్తామని కొందరు చెప్పినప్పుడు కమిటీకి ఎంతో సంతోషం కలిగింది.

మొదటి రెండు నెలలు మాత్రం కష్టంగానే నడిచాయి. లూజ్ అంటే చకచకా, ఎలా పడితే అలా వేసేయడమని మాలో చాలామంది అనుకున్నాం. వేసి చూశాక అర్థమైంది, ఇందులో ఆలోచన ఎక్కువ, కుంచె పని తక్కువ. ఏ అంచు గట్టిగా నిలవాలి, ఏది పక్క రంగులోకి కరిగిపోవాలి, ఎక్కడ కాగితం తెల్లగా మిగలాలి అన్నవి బ్రష్ తడపకముందే తేల్చుకోవాలి. మనం వేసే పారదర్శకమైన పద్ధతిలో తెలుపంటే కాగితమే. ఒకసారి కప్పేశాక ఆ తెలుపు పూర్తిగా తిరిగి రాదు. అందుకని ప్రతి క్లాసులో ముందుగా పది నిమిషాలు పెన్సిల్‌తో అగ్గిపెట్టె సైజు బొమ్మలు వేయించాం. మూడే టోన్లు: కాగితం తెలుపు, మధ్యస్థం, ముదురు. కళ్ళు చికిలించి చూస్తే ఆకులూ కిటికీ ఊచలూ కనుమరుగై ఆ మూడు ముక్కలే మిగులుతాయి. ఈ పది నిమిషాలు వృథా అని మొదట్లో సణిగినవాళ్ళే ఏడాది చివరికి పక్కవాళ్ళ చేత దగ్గరుండి చేయించారు.

తర్వాత ఎక్కువ కాలం పట్టింది నీళ్ళ లెక్క తెలుసుకోవడానికే. తడిపిన కాగితం మొదట అద్దంలా మెరుస్తుంది. అప్పుడు రంగు పెడితే ఎటు కావాలంటే అటు పరుగెడుతుంది. కాసేపటికి మెరుపు మందగిస్తుంది. మెత్తని అంచులు కావాలంటే అదే సరైన సమయం, కాకపోతే బ్రష్‌లో నీళ్ళు తక్కువ, రంగు చిక్కగా ఉండాలి. మెరుపు పూర్తిగా పోయినా, అరచేతి వెనకవైపు ఆనిస్తే చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. ఆ దశలో నీళ్ళ బ్రష్ పెడితే కొత్త నీళ్ళు పాత రంగును తోసుకుంటూ పోయి, అంచున కాలీఫ్లవర్ పువ్వులాంటి మరక తేలుతుంది. ఈ మరకలు పడని సభ్యులు మనలో ఒక్కరూ లేరు. ఆరాక రంగు వెలిసినట్టు కనిపిస్తుంది కాబట్టి, తడిగా ఉన్నప్పుడు కాస్త ఎక్కువైందనిపించేంత ముదురుగా వేయాలన్నదీ ఈ క్లాసుల్లోనే వంటబట్టింది.

వాన మబ్బు వేసిన ఆదివారం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన పెద్ద సభ్యులొకరు అల్ట్రామెరైన్ బ్లూ, బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమ రంగు కలిపి బూడిద రంగు చేసి, తడి కాగితం మీద పెద్ద బ్రష్‌తో మూడు నాలుగు సార్లు తాకించి, బోర్డును కొద్దిగా వాల్చారు. మబ్బు కింది అంచు చెట్ల మీదికి జారడం మొదలైంది. సరిచేద్దామని ఆయన మళ్ళీ బ్రష్ ముంచారు. పక్కనున్న అమ్మాయి "వదిలేయండి మాస్టారూ, దాని పని అది చేసుకుంటోంది" అంది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. అందరం చుట్టూ చేరి చూస్తూ నిలబడ్డాం. కాగితం గరుకులోని చిన్నచిన్న గుంటల్లో అల్ట్రామెరైన్ రేణువులు నీలంగా కూరుకున్నాయి, గోధుమ రంగు కొంచెం అంచులకు జరిగింది, జారిన చోట దూరపు వాన తెర ఏర్పడింది. ఒక్కొక్క రేణువునూ కుంచెతో పెట్టి అలాంటి వాన ఎవరూ వేయలేరు. ఏడాది మొత్తంలో మేం నేర్చుకున్నది ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఆ ఆదివారాన్నే చూపిస్తాను: కుంచె ఎప్పుడు పక్కన పెట్టాలో తెలియడం.

ఒక నష్టం గురించి కూడా సభ్యులకు తెలియజేయాలి. అందరికీ కలిపి తెప్పించిన 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్న) కాటన్ పేపర్ కట్టల్లో ఒకటి చెమ్మ ఎక్కువగా ఉన్న గదిలో ఉండిపోయింది. పైకి ఏ తేడా లేదు. రంగు వేశాక తెలిసింది, అక్కడక్కడా అద్దుడు కాగితంలా పీల్చేసుకుని ముదురు చుక్కలు పడ్డాయి. మంచి వాటర్‌కలర్ పేపర్‌కు జెలటిన్ లాంటి పదార్థంతో సైజింగ్ పెడతారు. రంగు వెంటనే లోపలికి ఇంకిపోకుండా కాసేపు పైనే ఆడుకోగలిగేది దాని వల్లే. చెమ్మకు అది దెబ్బతిన్న చోట ఇక చేసేదేమీ ఉండదు. ఆ కట్టను రంగులు కలిపి చూసుకోవడానికి వాడేశాం. బాధ్యత కమిటీదే. ఇప్పుడు మిగిలిన పేపర్ అంతా గాలి చొరబడని ప్లాస్టిక్ కవర్లలో, నేలకు ఎత్తులో ఉంది.

పేపర్ ఖర్చు తగ్గించమని కొందరు రాశారు. కమిటీ బాగా ఆలోచించే కాటన్ పేపర్ కొనసాగించింది. రంగులు స్టూడెంట్ రకమైనా ఫర్వాలేదు, బ్రష్‌లు రెండే ఉన్నా నడుస్తుంది. కానీ మామూలు పేపర్ చాలావరకు త్వరగా ఆరిపోతుంది, తడి మీద తడి వేసే వ్యవధి ఇవ్వదు. అప్పుడు కొత్తవాళ్ళు తప్పు తమ చేతిదే అనుకుని మానేస్తారు. ఆ పరిస్థితి రాకూడదు. 22×30 అంగుళాల షీటును ఎనిమిది ముక్కలు చేసి, రెండు వైపులా వాడితే పదహారు బొమ్మలొస్తాయి.

చిత్రకారుల గురించి చెప్పుకున్న సాయంత్రాల్లో అందరినీ కట్టిపడేసింది అమెరికన్ చిత్రకారుడు జాన్ సింగర్ సార్జెంట్. పోర్ట్రెయిట్లతో గొప్ప పేరు తెచ్చుకున్న ఆయన 1907 ప్రాంతంలో ఆ ఆర్డర్లు చాలావరకు మానుకుని, వాటర్‌కలర్లకు ఎక్కువ సమయం ఇచ్చారు. 1909లో న్యూయార్క్ ప్రదర్శన నుంచి బ్రూక్లిన్ మ్యూజియం ఒకేసారి 83 వాటర్‌కలర్లు కొన్నది. ఆ బొమ్మల ప్రింట్లను దగ్గరగా చూస్తే మరకలే, నాలుగడుగులు వెనక్కి వెళ్తే ఎండలో రాతి గోడ. ఆ తేలికదనం వెనుక ఏళ్ళ తరబడి చేసిన డ్రాయింగ్ ఉంది. డ్రాయింగ్ క్లాసులు ఆపేద్దామన్న ప్రతిపాదనను కమిటీ ఒప్పుకోకపోవడానికి కారణం అదే.

వార్షిక ప్రదర్శన బాగా జరిగింది. ఒక్క విషయం మాత్రం అందరూ గమనించాలి. ఒక సభ్యురాలు పాత బొమ్మ ఒకటి తెచ్చారు. ఏళ్ళ తరబడి కిటికీకి ఎదురుగా వేలాడిందట. ఆకులు అలాగే ఉన్నాయి, గులాబీలు మాత్రం దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ ఎరుపు అసలు అలిజరిన్ క్రిమ్సన్, ట్యూబు మీద పీఆర్ 83 అని ఉంటుంది, వెలుతురుకు నిలవదు. పేరు చూసి కాకుండా ఇలాంటి పిగ్మెంట్ నంబరు (ట్యూబులోని రంగు పదార్థం ఏదో చెప్పే కోడ్) చూసి కొనండి. అనుమానమైతే రంగు పట్టీ వేసి, సగం మూసి, కిటికీ దగ్గర కొన్ని నెలలు ఉంచి చూడండి.

జమా ఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. ఆడిట్ పూర్తయింది.

వచ్చే ఏడాది ఆరుబయట కూర్చుని వేయడం, బొమ్మల్లో మనుషులను నాలుగు తాకిళ్ళలో తేల్చడం మొదలుపెట్టాలని ప్రతిపాదిస్తున్నాం. ఆరుబయట గాలికి కాగితం ఎంత త్వరగా ఆరుతుందో తెలుసు కాబట్టి ప్రతి ఒక్కరూ చిన్న స్ప్రే సీసా, 12 నంబరు రౌండ్ బ్రష్ తెచ్చుకోవాలి. పేపర్ బీరువా చూసుకోవడానికి ఇద్దరు సభ్యులు కావాలి. ఆసక్తి ఉన్నవారు సమావేశం రోజునే పేర్లు ఇవ్వగలరు. వాన మబ్బు బొమ్మను దాని చిత్రకారులు సంఘానికే ఇచ్చేశారు. కిటికీ వెలుగు పడని ఉత్తరపు గోడకు దాన్ని బిగించాం.

ఇట్లు,
కార్యదర్శి