పత్రంలో లేని మర్యాదలు

సంపాదకుల వారికి నమస్కారములు.

సెలవుల సభ్యత్వాల పేరుతో కుటుంబాలు ఎలా చిక్కుల్లో పడుతున్నాయో వివరిస్తూ మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. మాల్స్‌లో కూపన్లు నింపించుకోవడం, బహుమతి వచ్చిందని ఫోన్ చేయడం, దంపతులిద్దరూ కలిసి రావాలని షరతు పెట్టి రెండు గంటలు కూర్చోబెట్టి సంతకాలు చేయించుకోవడం గురించి వ్యాసకర్త రాసిన దానితో నాకు ఏ పేచీ లేదు. అయితే అమెరికాలో డిస్నీ వారి సెలవుల సభ్యత్వం (డిస్నీ వెకేషన్ క్లబ్) తీసుకున్న పాతవాళ్లు సైతం ఒకప్పుడు ఉచితంగా దొరికినవి ఇప్పుడు దొరకడం లేదని వాపోతున్నారంటూ ఒక్క వాక్యంలో తేల్చేయడం మాత్రం సరిగా లేదనిపించింది. ఆ పాతవాళ్లలో నేనూ ఒకడిని. మాది గుంటూరు జిల్లా. 1981లో ఇంజనీరుగా అమెరికా వెళ్లి అట్లాంటాలో స్థిరపడ్డాను; ఉద్యోగ విరమణ తరువాత ఏడాదిలో సగం కాలం విజయవాడలో ఉంటున్నాను. 1993లో సభ్యత్వం తీసుకున్న నాటి నుంచి జరిగిందంతా చూసినవాడిని కనుక, మా బెంగ దేని గురించో మీ పాఠకులకు చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

1980లలో ఫ్లోరిడాలో టైమ్‌షేర్ అన్న మాటకు మంచి పేరు లేదు. ఏడాదిలో ఫలానా వారం ఫలానా గది మీదంటూ అంటగట్టి, ఆ వారం కుదరకపోతే మీ ఖర్మ అని వదిలేసే వ్యాపారాలే ఎక్కువ. 1984లో మారియట్ వంటి పెద్ద హోటల్ సంస్థ ఈ రంగంలోకి వచ్చిన తరువాత పరిస్థితి కొంత మారింది. 1991 డిసెంబరులో డిస్నీ వారు ఓర్లాండోలో తమ మొదటి రిసార్ట్ తెరిచినప్పుడు వారం లెక్కను పక్కన పెట్టి పాయింట్ల లెక్క తెచ్చారు. ఏటా మన ఖాతాలో ఇన్ని పాయింట్లు పడతాయి. వాటితో ఏ కాలంలోనైనా, ఎన్ని రోజులైనా, చిన్న గదైనా పెద్ద ఇల్లైనా తీసుకోవచ్చు. మిగిలినవి మరుసటి ఏడాదికి దాచుకోవచ్చు, చాలకపోతే మరుసటి ఏడాదివి ముందే వాడుకోవచ్చు. కొన్నది స్థిరాస్తిలో హక్కు కనుక కౌంటీ కార్యాలయంలో దస్తావేజు రిజిస్టర్ అవుతుంది. ఆ హక్కు 2042 జనవరి 31తో ముగుస్తుందని అందులోనే స్పష్టంగా ఉంటుంది. సంతకం చేసిన పది రోజుల్లోగా మనసు మారితే ఒప్పందం రద్దు చేసుకునే వీలును ఫ్లోరిడా చట్టమే ఇస్తుంది. ఆ పది రోజుల్లో ఎనిమిది రోజులు నేను, నా భార్య రాత్రిళ్లు భోజనాల బల్ల మీద ఆ కాగితాలు పరుచుకుని చదివాం.

అప్పట్లో ఆ రిసార్ట్‌కు వేరే పేరు లేదు, వెకేషన్ క్లబ్ పేరే దాని పేరు. ఓల్డ్ కీ వెస్ట్ అని 1996లో మార్చారు. రేకు కప్పులు, లేత రంగు గోడలతో అంతస్తులు ఎక్కువ లేని ఇళ్లు, వాటి చుట్టూ గోల్ఫ్ మైదానం, ఈత కొలను పక్కన దీపస్తంభం, డిస్నీ వారి దుకాణాల దగ్గరకు తీసుకువెళ్లే పడవ ఉండేవి. మొదటి తరం సభ్యులకు అన్నిటికంటే పెద్ద వరం పార్కుల పాస్‌లు. పాయింట్ల మీద బస చేసినన్ని రోజులూ డిస్నీ పార్కుల్లోకి ప్రవేశం ఉచితం. ఆ ఏర్పాటు 1999 చివరి వరకే అని ముందే చెప్పారు. మేము చేరిన 1993లో ఒక రోజు టికెట్ ధర నలభై డాలర్ల లోపే ఉండేది. ఇప్పుడు రద్దీ రోజుల్లో నూట యాభై దాటుతోంది. లెక్క వేసేవాళ్లు ఆ తేడాను గుణించి, పాత సభ్యులు బెంగ పడేది ఈ డబ్బు గురించే అనుకుంటారు. వ్యాసకర్త కూడా అలాగే అనుకున్నారని నా అభిప్రాయం.

ఆ పాస్‌లు మాకు ఇచ్చింది తీరిక. టికెట్ కొన్న కుటుంబం పొద్దున్నే గేటు దగ్గర నిలబడి, ఇచ్చిన డబ్బంతా రాబట్టుకోవాలన్న ఆరాటంతో, పిల్లలు ఏడుస్తున్నా, కాళ్లు పీకుతున్నా రాత్రి దాకా తిరుగుతుంది. మాకు ఆ ఆరాటం ఉండేది కాదు. ఉదయం రెండు గంటలు తిరిగి, ఎండ ముదరగానే ఇంటికి వచ్చి, అన్నం తిని, పిల్లలను పడుకోబెట్టి, సాయంత్రం బాణసంచా వేళకు మళ్లీ వెళ్లేవాళ్లం. వాన పడితే ఆ రోజు మానేసేవాళ్లం. 1995లో మా అమ్మానాన్నలు గుంటూరు నుంచి వచ్చినప్పుడు, రిటైరైన ఉపాధ్యాయుడైన మా నాన్న డిస్నీ పార్కుల్లో ఒకటైన ఎప్‌కాట్‌లో గోళాకారంలో ఉండే స్పేస్‌షిప్ ఎర్త్‌ను చూసి ఎంత సంబరపడ్డారంటే, గుహల్లో బొమ్మలు గీసిన నాటి నుంచి మనిషి తన మాటను మరొకరికి చేరవేసుకుంటూ వచ్చిన కథనంతా చెప్పే ఆ ప్రదర్శన కోసమే మూడు రోజులు వరుసగా వెళ్లారు. ప్రతిసారీ అందులోంచి బయటకు వచ్చి బెంచీ మీద కూర్చుని, ఈసారి తాను కొత్తగా గమనించింది మాకు చెప్పేవారు. రోజుకు టికెట్ కొని తీసుకువెళ్లవలసి వస్తే ఒక పెద్దాయన చూసిందే మళ్లీ చూస్తానని నోరు తెరిచి అడుగుతారా? మా నాన్న అడిగే మనిషి కారు.

ఇంకొక సంగతి వంటగది. ఆ కాలంలో అమెరికా హోటళ్లలో శాకాహారికి దొరికేవి రొట్టె, ఆలుగడ్డ వేపుళ్లు మాత్రమే. అట్లాంటా నుంచి ఓర్లాండోకు కారులో ఏడు గంటల ప్రయాణం. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరేవాళ్లం. డిక్కీలో రైస్ కుక్కరు, బియ్యం సంచి, కందిపప్పు, పాత తువ్వాలులో చుట్టిన ఆవకాయ సీసా ఉండేవి. పెరుగు గిన్నె మాత్రం ఒలక్కుండా నా భార్య ఒళ్లో పెట్టుకునేది. రిసార్ట్ గేటు దగ్గర కారు ఆపగానే అక్కడి మనిషి జాబితాలో మా పేరు చూసి ‘వెల్కమ్ హోమ్’ అనేవాడు. సభ్యులందరినీ అలాగే పలకరించాలని సంస్థ వాళ్లకు నేర్పిన మాట అది, నాకు తెలుసు. అయినా ఆ దేశానికి వెళ్లి పన్నెండేళ్లు గడిచినా, కొత్తవాళ్లెవరూ మా ముఖం చూసి అనని మాట అది. మొదటిసారి విన్నప్పుడు నా భార్య నా వైపు తిరిగి, ‘ఏమన్నాడండీ?’ అని రెండోసారి చెప్పించుకుంది. గదిలోకి అడుగు పెట్టాక పొయ్యి, గిన్నెలు, బట్టలు ఉతికే యంత్రం చూసుకుని అన్నం వండేసింది. మరునాడు పులిహోర పొట్లాలు కట్టుకుని పార్కుకు వెళ్లాం. మా అమ్మ సాయంత్రాలు వరండాలో కూర్చుని ఆ గోల్ఫ్ మైదానాన్ని చూస్తూ, ఇంత నీళ్లు పెట్టి ఇంత పచ్చగా ఉంచిన నేలలో ఒక్క పంటైనా వేయరేమని అడిగేది.

1999 డిసెంబరు ఆఖరి వారానికి పాయింట్లు దాచుకుని మరీ వెళ్లాం. ఎప్‌కాట్‌లో సహస్రాబ్ది ఉత్సవాలు జరుగుతున్నాయి. పాస్‌లతో అదే చివరిసారి అని పిల్లలకు కూడా తెలుసు. తిరిగి వచ్చేటప్పుడు నా భార్య ఆ నాలుగు పాస్‌లనూ ఒక కవరులో పెట్టి, పైన తేదీ వేసి, పిల్లల టీకాల కార్డుల పక్కన దాచింది.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ పాస్‌ల విషయంలో సంస్థ మాట తప్పలేదు. ఫలానా తేదీ వరకు అన్నారు, ఆ తేదీ వరకు ఇచ్చారు. మా పాత సభ్యుల్లో కొందరు ఇప్పటికీ ఏదో లాక్కున్నట్టు మాట్లాడితే నేను ఒప్పుకోను. పత్రంలో ఉన్నవి, అంటే ఏటా పడే పాయింట్లు, మనం కొన్న సొంత రిసార్ట్‌లో మిగతా సభ్యుల కంటే ముందుగా గది తీసుకునే హక్కు, 2042 వరకు గడువు, ఇవన్నీ ఈనాటికీ చెక్కుచెదరలేదు. నిర్వహణ రుసుము ఏటా పెరుగుతోంది. అది పెరుగుతుందని కూడా పత్రంలోనే ఉంది.

పోయినవన్నీ పత్రంలో లేనివి. వరుసలో నిలబడే పని తగ్గించే ఫాస్ట్‌పాస్ 1999లో ఉచితంగా మొదలై, 2021 నుంచి డబ్బు కడితేనే దొరికే సేవగా మారిపోయింది. విమానాశ్రయం నుంచి సామానుతో సహా గదికి చేర్చే ఉచిత బస్సును 2005లో పెట్టి 2022 జనవరిలో తీసేశారు. రిసార్ట్‌లో బస చేసేవారికి పార్కులో అదనంగా దొరికే గంటలు తగ్గిపోయాయి. ఇవి సభ్యులకే కాదు, అక్కడ బస చేసే అందరికీ జరిగిన మార్పులు. సభ్యుల మధ్యనే గీత గీసిన మార్పులు వేరే ఉన్నాయి. ఒక సభ్యుడి నుంచి చేతులు మారిన పాయింట్లు కొనుక్కున్నవారు వాటిని ఓడ ప్రయాణాల వంటి వాటికి వాడుకోకుండా 2011 మార్చిలో నిబంధన వచ్చింది. 2016 ఏప్రిల్ నుంచి అలా కొన్నవారికి పార్కు పాస్‌ల మీద, భోజనాల మీద సభ్యులకిచ్చే తగ్గింపులు లేకుండా పోయాయి. 2019 జనవరి తరువాత అలా కొన్న పాత రిసార్ట్‌ల పాయింట్లతో, కొత్తగా కట్టిన రివియేరా రిసార్ట్‌లో గది తీసుకునే వీలు లేదు. ఆ తేదీలకు ముందే సభ్యులైన మా వంటివారికి ఈ నిబంధనలేవీ వర్తించవు. మాకు నష్టం లేదు కదా, మరి బాధ ఎందుకని మా అబ్బాయే నన్ను అడిగాడు. ఒకే భవనంలో, పక్కపక్క గదుల్లో దిగిన రెండు కుటుంబాల్లో ఒకరిని సంపూర్ణ సభ్యులుగా, మరొకరిని పాయింట్లు మాత్రమే ఉన్నవారిగా చూస్తున్నప్పుడు, గేటు దగ్గర ఇద్దరితోనూ అనే ఆ ‘వెల్కమ్ హోమ్’ మాటకు పాత బరువు ఉండదని వాడికి చెప్పాను. ఒకటే రిసార్ట్ ఉండి, సభ్యులు కొద్దిమందే ఉన్న రోజుల్లో, కొత్త వ్యాపారం మీద నమ్మకం కలిగించడానికి సంస్థ చూపిన ఆదరణ అది. సభ్యులు పెరిగాక అదే చేయి అంత ధారాళంగా ఉండదన్నది నాకు అర్థమవుతుంది. అర్థమైనంత మాత్రాన బెంగ తీరదు.

ఈ తేడా తెలియకపోతే ఎంత నష్టమో మా ఇంట్లోనే చూశాను. ఆరేళ్ల కిందట మా మేనల్లుడు హైదరాబాదులో ఒక సంస్థ దగ్గర పాతికేళ్ల సెలవుల సభ్యత్వం తీసుకున్నాడు. కొనేటప్పుడు ఏటా రెండు విమాన టికెట్లు, పిల్లలకు ఉచిత భోజనం, పండుగ రోజుల్లోనూ గది ఖాయం అన్నారట. రెండో ఏడాది సంక్రాంతికి గది అడిగితే ఖాళీ లేదన్నారు. టికెట్ల సంగతి అడిగితే అది ఆ నెలలో చేరినవారికి మాత్రమే పెట్టిన పథకమన్నారు. వాడు ఒప్పందం పట్టుకుని నా దగ్గరకు వచ్చాడు. ముప్ఫైకి పైగా పేజీలు తిరగేశాను. విమానం అన్న మాటే ఎక్కడా లేదు. గది విషయంలో ‘లభ్యతను బట్టి’ అన్న షరతు మాత్రం చాలా చోట్ల ఉంది. ‘అతను మర్యాదగా మాట్లాడాడు మావయ్యా, కాగితం ఎందుకో చదవాలనిపించలేదు’ అన్నాడు వాడు. తప్పు వాడిది మాత్రమే అని నేను అనలేకపోయాను.

అందుకే మీ పత్రికను ఒకటి కోరుతున్నాను. ఈ అంశం మీద మళ్లీ రాసేటప్పుడు, ఇటువంటి సభ్యత్వాలన్నీ మోసమేనని ఒకే గాటన కట్టకుండా, ఒప్పందంలో హక్కుగా రాసి ఇచ్చేది ఏది, అమ్మేటప్పుడు ఆదరణగా ఇచ్చి ఎప్పుడైనా వెనక్కు తీసుకోగలిగేది ఏది అన్నది పాఠకులకు విడమరచి చెప్పండి. ఫ్లోరిడాలో ఉన్నట్టు సంతకం తరువాత పది రోజుల గడువు మన దగ్గరా ప్రతి ఒప్పందంలోనూ తప్పనిసరిగా ఉండాలని గట్టిగా అడగండి. అమెరికాలోని మన తెలుగు కుటుంబాల్లో పెద్దవాళ్లకు కూడా నా విన్నపం ఒకటుంది. పిల్లలు ఈ సభ్యత్వం తీసుకుందామా అని అడిగినప్పుడు మన 1990ల కథలు ఆనందంగా చెబుదాం. వాటితో పాటు ఆ పాస్‌లు 1999తోనే ఆగిపోయాయని, ఇప్పుడు ఖాయంగా దొరికేది పాయింట్లు, గది, వంటగది మాత్రమేనని, వాటికే ఆ ధర పెట్టాలనిపిస్తేనే కొనమని కూడా చెబుదాం.

గడువును 2057 వరకు పొడిగించుకునే అవకాశం 2007లో వచ్చినప్పుడు మేము తీసుకోలేదు. 2042 జనవరి 31 నాటికి నాకు 88 ఏళ్లు నిండుతాయి, అంతవరకు చాలని నా భార్య అంది. వచ్చే మార్చిలో మనవళ్లతో ఐదు రోజులు గడపడానికి అదే ఓల్డ్ కీ వెస్ట్‌లో పదకొండు నెలల ముందే గది తీసుకున్నాం. పార్కుకు ఈసారి రెండు రోజులకే టికెట్లు కొన్నాం. మిగతా మూడు రోజులు వంట, ఈత కొలను, పడవ.

ఇట్లు,
ఒక పాత సభ్యుడు, మీ పాఠకుడు
విజయవాడ