పాతబస్తీకి మెట్రో ఎప్పుడు?

సంపాదకులకు,

హైదరాబాద్‌లో జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) నుంచి పాతబస్తీలోని ఫలక్‌నుమా వరకు మెట్రో అన్నది మొదటి దశలోనే ఉన్న మాట. 2020 ఫిబ్రవరి 7న రైలు ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) దాకా వచ్చింది, అక్కడే ఆగింది. మిగిలింది ఐదున్నర కిలోమీటర్లే. 2024 మార్చి 8న ఫలక్‌నుమాలో శంకుస్థాపన జరిగింది. మార్గాన్ని చాంద్రాయణగుట్ట దాకా పొడిగించారు కూడా, కాగితం మీద.

దారుల్‌షిఫా, శాలిబండ వైపు రోడ్డు ఇరుకు, దారి పొడవునా ప్రార్థనా స్థలాలున్నాయి, పని కష్టమే. కాదనను. కానీ ఆ కష్టాలన్నీ మొదటి రోజు నుంచీ తెలిసినవే కదా! జాప్యం భారమంతా రోడ్డు విస్తరణలో ఇళ్లూ దుకాణాలూ పోయే కుటుంబాల మీద పడుతోంది. కూల్చేస్తారని తెలిసిన ఇంటికి ఎవరు మరమ్మతు చేయిస్తారు? ఆ దుకాణాన్ని ఎవరు కొంటారు? ఏళ్లు గడిచేకొద్దీ నిర్మాణ వ్యయమూ పెరుగుతుంది, ఆ డబ్బూ జనానిదే.

హైటెక్ సిటీకి రైలు నడుస్తుంటే, చార్మినార్ దగ్గర చిరువ్యాపారి ఆటోలకు డబ్బు పోసి ట్రాఫిక్‌లో నిలబడాలా? ఇది అన్యాయం. పరిహారం ఎవరికి ఎప్పుడిస్తారో, ఏ స్టేషన్ పని ఎప్పుడు మొదలవుతుందో తేదీలతో ప్రకటించాలి. రైలు వచ్చేదాకా ఎంజీబీఎస్ స్టేషన్ నుంచి చార్మినార్ మీదుగా ఫలక్‌నుమాకు మెట్రో వేళలకు తగ్గట్టు ఆర్టీసీ మినీ బస్సులు నడపాలి.

– ఒక ప్రయాణికుడు, శాలిబండ, హైదరాబాద్