జూనియర్ సివిల్ జడ్జి పోస్టు: మూడేళ్ల ప్రాక్టీసును ఎలా లెక్కిస్తారు?

సంపాదకులకు నమస్కారం.

కింది కోర్టుల్లో మొదటి మెట్టు న్యాయాధికారి పదవైన జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు దరఖాస్తు చేసేవారికి న్యాయవాదిగా కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలన్న నిబంధనను సుప్రీంకోర్టు 2025 మే 20న పునరుద్ధరించింది. ఆనాటి నుంచి లా కాలేజీల్లోనూ కోచింగ్ సెంటర్లలోనూ దీనిమీద వాదోపవాదాలు నడుస్తూనే ఉన్నాయి. గోదావరి జిల్లాల కోర్టుల్లో కాపీయిస్టుగా చేరి, బెంచి క్లర్కుగా ఏళ్ల తరబడి కూర్చుని, సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసినవాడిగా నాకు తోచింది రాస్తున్నాను. నిబంధన మంచిదే. దాని అమలుకు పెట్టిన ధ్రువపత్రం పద్ధతి మాత్రం బలహీనంగా ఉంది. ఆ మూడేళ్లూ జూనియరు ఏం తిని బతకాలన్న సంగతి ఇంకా తేలలేదు.

ఇది కొత్త నిబంధనేమీ కాదు. అఖిల భారత న్యాయమూర్తుల సంఘం కేసులో 1993లోనే సుప్రీంకోర్టు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి అంది. ప్రాక్టీసులో నిలదొక్కుకున్న ప్రతిభావంతులు తిరిగి ఈ చిన్న పోస్టుకు రావడం లేదనీ, తాజా పట్టభద్రులను తీసుకుని గట్టి శిక్షణ ఇస్తే సరిపోతుందనీ జస్టిస్ శెట్టి కమిషన్ సూచించడంతో 2002లో అదే కోర్టు దాన్ని తొలగించింది. రెండు దశాబ్దాలు దాటాక, ఆ ప్రయోగం ఫలించలేదని చాలా హైకోర్టులు చెప్పిన మీదట మళ్లీ మొదటికి వచ్చింది.

ఆ ప్రయోగాన్ని నేను న్యాయాధికారి బల్ల దిగువన కూర్చుని చూశాను. ఒకసారి కాలేజీ నుంచి నేరుగా పరీక్ష రాసి, మంచి ర్యాంకుతో వచ్చిన ఒక అమ్మాయి మా కోర్టు బెంచి మీద ఉన్నారు. భాగపంపిణీ దావాలో ముసలి రైతు ఒకాయన బోనెక్కి, "మా నాన్న నా వాటాకి నాలుగు కుంచాలు ఇచ్చాడండి" అన్నాడు. ఆమె ధాన్యం కొలిచే కుంచం అనుకున్నారు. "అవి ఇప్పుడు ఎవరి ఇంట్లో ఉన్నాయి?" అని అడగ్గానే హాలంతా నవ్వింది. పది సెంట్ల నేలను ఇక్కడ కుంచం అంటారని లేచి మెల్లిగా చెప్పాను. ఆమె నొచ్చుకోకుండా వెంటనే డిపోజిషన్‌లో (సాక్షి వాంగ్మూలంలో) సరిచేయించుకున్నారు. ఇలాంటివి ఎవరైనా ఆరు నెలల్లో నేర్చుకుంటారు, అది పెద్ద లోపం కాదు. నేర్చుకోవడానికి ఏళ్లు పట్టేది వేరే ఉంది. అదే దావాలో ప్రతివాది తరఫు సీనియరు ఒక్కో వాయిదాకి ఒక్కో ఐఏ (దావా నడుస్తుండగా మధ్యలో వేసే అర్జీ) వేస్తూ పోయాడు. అందులో ఏది నిజమైన అవసరం, ఏది కాలయాపన అన్నది ఆమెకు పట్టుబడేసరికి ఏడాది దాటింది, అంతకాలమూ ఆ రైతు రెండు బస్సులు మారి వస్తూనే ఉన్నాడు. ఆ ఎత్తులన్నీ సీనియరు పక్కన నిలబడి చూసిన జూనియరుకు మొదటి కాగితంతోనే అర్థమవుతాయి.

అయితే ప్రాక్టీసు చేశారని తేల్చేదెలా? తీర్పు ప్రకారం ఆ కోర్టు ప్రధాన న్యాయాధికారి ధ్రువీకరించాలి, లేదా కనీసం పదేళ్ల అనుభవమున్న న్యాయవాది ఇచ్చిన పత్రం మీద జిల్లా ప్రధాన న్యాయాధికారి ఆమోదముద్ర వేయాలి. న్యాయమూర్తుల దగ్గర లా క్లర్కుగా చేసిన కాలమూ లెక్కలోకి వస్తుంది. తాత్కాలిక ఎన్‌రోల్‌మెంట్ (న్యాయవాదిగా పేరు నమోదు) తేదీ నుంచే లెక్క మొదలవుతుంది కాబట్టి, బార్ కౌన్సిల్లో పేరు నమోదు చేయించుకుని, మూడేళ్లూ నగరంలో హాస్టల్లో ఉండి పరీక్షకు చదువుకుని, చివర్లో తెలిసిన ప్లీడరు గారి దగ్గర సంతకం తెచ్చుకోవడానికి అడ్డేమీ కనిపించదు. కాదనలేని మొహమాటాలు బార్‌లో (న్యాయవాదుల వర్గంలో) చాలా ఉంటాయి. వందల పత్రాలు ఒక్కసారిగా బల్లమీదికి వస్తే జిల్లా జడ్జి గారైనా ఎవరిని గుర్తుపట్టగలరు?

దీనికి కొత్త యంత్రాంగం అక్కర్లేదు. ఇప్పుడు ప్రతి కేసుకూ ఈ-కోర్టుల వ్యవస్థలో దాన్ని గుర్తించే పదహారు అక్షరాల, అంకెల సీఎన్ఆర్ నంబరు ఉంది. వకాలతులో సీనియరు పేరు కింద జూనియరు పేరూ చేర్చి, ఉదయం కాల్ వర్క్‌లో (కేసులను వరసగా పిలిచేటప్పుడు) ఎవరు హాజరయ్యారో డాకెట్‌లో (కేసు వాయిదాల నమోదులో) పేరుతో సహా రాసి, అభ్యర్థి తాను పనిచేసిన కేసుల సీఎన్ఆర్ నంబర్లను ఏడాదివారీగా దరఖాస్తుకు జతచేస్తే చాలు. అందులోంచి పది కేసులు తీసి చూస్తే నిజం బయటపడుతుంది. ఈ పనితో బెంచి క్లర్కుల మీద కొంత భారం పడుతుందని నాకు తెలుసు, మోసినవాణ్ణే చెబుతున్నాను.

ఇక డబ్బు సంగతి. మా తాలూకా కోర్టులో ఒక కుర్రాడు పొద్దున్నే సీనియరు గారి ఆఫీసు తాళం తీసి, డైరీలో వాయిదాలు ఎక్కించి, కట్టలు చంకన పెట్టుకుని కోర్టుకొచ్చి, "అయ్యగారు పక్క కోర్టులో ఉన్నారండి, పాసోవర్ ఇప్పించండి" అని, అంటే కేసును కాసేపాగి పిలవమని, నాలుగు హాళ్లు తిరిగేవాడు. నెలాఖరుకు అతని చేతికి వచ్చేది బండి పెట్రోలుకే చాలేది కాదు. ఇంట్లో ఆస్తి ఉన్నవాడు ఇలా మూడేళ్లు గడుపుతాడు, కూలి చేసి చదివించిన తల్లిదండ్రుల బిడ్డ గడపలేడు. జూనియర్లకు మూడేళ్లపాటు నెలకు పట్టణాల్లో 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సూచించింది, కానీ అది సూచన మాత్రమే. చిన్న ఊళ్లో తనకే ఫీజు సరిగా రాని సీనియరు అంత ఇవ్వలేడన్నదీ నిజమే. కొత్త న్యాయవాదులకు నెలకు 5,000 ఇచ్చే పథకాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 డిసెంబరులో మొదలుపెట్టింది. సుప్రీంకోర్టే అర్హతగా పెట్టిన కాలానికి అలాంటి సాయాన్ని రెండు తెలుగు రాష్ట్రాలూ చట్టం ద్వారా ఖాయం చేయాలి.

ఆడపిల్లల విషయం విడిగా చెప్పాలి. సుప్రీంకోర్టు 2023 నివేదిక ప్రకారం జిల్లా స్థాయి న్యాయవ్యవస్థలో మహిళలు 36.3 శాతం ఉన్నారు. బార్‌లో చోటు దొరకడం కష్టమైనా పరీక్ష దారి తెరిచి ఉండడం వల్లే ఇంతమంది రాగలిగారని నా నమ్మకం. ఇకపై వారూ ముందు బార్ గుండానే రావాలి. మహిళా న్యాయవాదులకు కూర్చునేందుకు గదీ, శుభ్రమైన మరుగుదొడ్డీ లేని కోర్టులు నేను పనిచేసిన వాటిలోనే ఉన్నాయి.

రాజ్యాంగం 234వ అధికరణం ప్రకారం ఈ నియామకాల నిబంధనల్లో హైకోర్టు సంప్రదింపు తప్పనిసరి. కాబట్టి తదుపరి నోటిఫికేషన్ వెలువడేలోగా ధ్రువపత్రం నమూనాలో కేసుల వివరాల పట్టికను చేర్చాలని అమరావతి, హైదరాబాద్ హైకోర్టులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక విశ్రాంత కోర్టు సూపరింటెండెంట్,
తూర్పు గోదావరి జిల్లా