తక్కువ ధర జాయ్‌స్టిక్ విషయంలో జరిగిన పొరపాటు, దానిపై మా నిర్ణయం

మా దగ్గర జాయ్‌స్టిక్ కొన్న వారందరికీ నమస్కారం.

ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని విమానం నడపాలనుకునే కొత్తవారు, తక్కువలో ఏది కొనమంటారని అడిగిన ప్రతిసారీ మేము ఒకే జాయ్‌స్టిక్‌ను చూపిస్తూ వచ్చాము. అందులో హాల్ సెన్సర్లు, అంటే స్టిక్ కదలికను రాపిడి లేకుండా అయస్కాంతం సాయంతో గ్రహించేవి, ఉన్నాయనీ, ఆ ధరలో అవి దొరకడం అరుదనీ చెప్పి మరీ అమ్మాము. గడచిన రెండు విడతల సరుకులో ఆ సెన్సర్లు లేవు. పెట్టె అదే, మోడల్ సంఖ్య అదే, లోపల మాత్రం రాపిడితో పనిచేసే మామూలు పొటెన్షియోమీటర్లు ఉన్నాయి. సరఫరాదారు మాకు ఒక్క మాటైనా చెప్పకుండా మార్చాడు. మేము విప్పి చూసుకోకుండా మీకు పంపాము. ఇందులో రెండవ తప్పు పూర్తిగా మాదే.

ఇది మా అంతట మేము పట్టుకున్నది కూడా కాదు. చేయి తీసేసినా విమానం ఎడమకు ఒరుగుతోందని పాత కొనుగోలుదారు ఒకరు రాస్తే, డెడ్‌జోన్ పెంచుకోమని జవాబిచ్చాను. కొన్ని వారాలకు మళ్లీ రాస్తే, ఇంకాస్త పెంచుకోమన్నాను. డెడ్‌జోన్ అంటే నడిమి స్థానానికి ఇరువైపులా స్టిక్ కొద్దిగా కదిలినా సిమ్యులేటర్ (కంప్యూటరులో విమానాన్ని నడిపించే ప్రోగ్రాము) లెక్కలోకి తీసుకోకుండా చేసే ఏర్పాటు. దాన్ని పెంచితే ఒరగడం ఆగుతుంది గానీ, చక్రాలు నేలను తాకబోయే క్షణంలో ముక్కును వెంట్రుకవాసి పైకెత్తవలసిన చోట స్టిక్ మొద్దుబారినట్టు ఉండి, ఆపైన ఒక్కసారిగా విమానాన్ని ఎగదోస్తుంది. ఆయన మూడవసారి సరిగ్గా ఇదే రాశారు. అప్పుడు గాని నేను నిల్వలోంచి ఒక పెట్టె తెచ్చి మరలు విప్పలేదు.

పొటెన్షియోమీటరులో కర్బన పూత పూసిన పట్టీ మీద సన్నని లోహపు నాలుక రాసుకుంటూ తిరుగుతుంది. అది ఎక్కడ ఆనితే అక్కడి వోల్టేజిని బట్టి స్టిక్ ఎంత వంగిందో తెలుస్తుంది. 1981లో ఐబీఎం పీసీతో వచ్చిన, జాయ్‌స్టిక్ తగిలించే గేమ్ పోర్టు కూడా ఇలాంటి పొటెన్షియోమీటర్ల నిరోధాన్ని కొలిచి జాయ్‌స్టిక్ స్థానాన్ని తెలుసుకునేది, కనుక ఈ పద్ధతిని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. అయితే ఎగిరేటప్పుడు స్టిక్ ఎక్కువ సేపు నడిమికి దగ్గరలోనే చిన్నచిన్నగా కదులుతుంది గనుక, పూత కూడా ముందుగా అక్కడే అరుగుతుంది. అరిగిన చోట ధూళి చేరితే సంకేతం గెంతుతుంది. 1879లో ఎడ్విన్ హాల్ కనుగొన్న ప్రభావం మీద పనిచేసే సెన్సరులో ఈ రాపిడి లేదు. అయస్కాంతం కదిలితే దాని క్షేత్రంలో వచ్చే మార్పును సెన్సరు దూరం నుంచే గ్రహిస్తుంది.

సరఫరాదారును నిలదీస్తే వచ్చిన సమాధానం నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. కొత్త స్టిక్ పరీక్షలో పాతదానిలాగే పనిచేస్తుందని, మా వివరణలోంచి హాల్ అన్న ఒక్క మాట తీసేస్తే సరిపోతుందని ఆయన అన్నాడు. నన్ను ఎక్కువ బాధించినది ఏమిటంటే, ఆ మాటలో మొదటి సగం నిజం. కొత్తగా ఉన్నప్పుడు రెండింటికీ తేడా కనబడదు. పొటెన్షియోమీటరు సంకేతాన్ని 10 బిట్లలో చదివినా 1,024 మెట్లు వస్తాయి. మొత్తం 40 డిగ్రీలు వంగే స్టిక్‌లో ఒక్కో మెట్టు డిగ్రీలో సుమారు 25వ వంతు, మన చేతి వణుకు అంతకంటే ఎక్కువ. 14 బిట్లని, 16,384 మెట్లని పెట్టె మీద గొప్పగా రాసుకున్నా దానివల్ల కొత్తవారికి పెద్దగా ఒరిగేది ఏమీ లేదు. తేడా నెలల తరువాత తెలుస్తుంది, అప్పటికి పెట్టె చిత్తుకాగితాల్లో కలిసిపోతుంది.

కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాసి, ధర తగ్గించి అమ్మేయవచ్చు కదా అని మా ఇంట్లోవాళ్లే అడిగారు. వారానికి ఒకటి రెండు గంటలు ఎగిరేవారికి అది చక్కగా సరిపోతుందని నేనూ ఒప్పుకుంటాను. దాన్ని ఆపేస్తే, అంతకు మించి పెట్టలేనివారికి మా దగ్గర కొంతకాలం ఏమీ ఉండదని కూడా తెలుసు. ఒక రాత్రి కొత్త వివరణ రాసి పెట్టుకున్నాను, తెల్లవారి చెరిపేశాను. ఒకే పెట్టెలో, ఒకే సంఖ్యతో, ఈ విడతకు ఒకటి పై విడతకు మరొకటి పంపే మనిషి సరుకును నా మాట మీద ఎలా అమ్మను? దీనిని మొండితనం అనుకుంటే అనుకోండి. మిగిలిన నిల్వ అంతా తిప్పి పంపాము, రవాణా ఖర్చు మేమే భరించాము.

దాని స్థానంలో రాబోయేది చూడటానికి బోసిగా ఉంటుంది. పక్కన ఇంజను శక్తిని మార్చే థ్రాటిల్ మీట లేదు, బటన్లు పాతదానిలో సగమే. రెండు ప్రధాన అక్షాలకు, అంటే ముక్కును ఎత్తి దించడానికీ రెక్కలను వాల్చడానికీ, హాల్ సెన్సర్లు ఉన్నాయి. పిడిని మెలితిప్పి, ముక్కును పక్కకు తిప్పే తోక భాగమైన రడ్డరును నడిపే మూడవ అక్షానికి మాత్రం పొటెన్షియోమీటరే ఉంది. ఈ తరగతిలో అలా ఉండటం మామూలే, అయినా ముందే చెబుతున్నాను. బటన్ల పని కీబోర్డు చేస్తుంది. ఉచితంగా దొరికే ఫ్లైట్‌గేర్ అనే సిమ్యులేటర్‌లో పేజ్ అప్, పేజ్ డౌన్ మీటలతో ఇంజను శక్తిని పెంచి తగ్గించుకోవచ్చు. కానీ నడిమి స్థానంలో స్ప్రింగు పట్టేసినట్టు ఉంటే దాన్ని ఏ కీబోర్డూ సరిచేయలేదు. అందుకే నేను బటన్లు లెక్కపెట్టకుండా, రెండు వేళ్లతో స్టిక్‌ను నడిమి నుంచి మెల్లగా కదిపి చూసి దీన్ని ఎంచుకున్నాను.

మీ దగ్గర ఉన్నది ఆ రెండు విడతలలోనిదో కాదో మా అమ్మకపు చీటీలను బట్టి మేమే గుర్తించి, ఒక్కొక్కరికీ విడిగా రాస్తున్నాము. ఈలోగా విండోస్‌లోని గేమ్ కంట్రోలర్ల పరీక్ష తెర తెరిచి, స్టిక్ మీద నుంచి చేయి తీసి, గడిలోని కూడిక గుర్తును కాసేపు గమనించండి. అది వణికినా, నడిమి వదిలి జరిగినా మాకు తెలియజేయండి. వణకకపోయినా సరే, ఆ విడతలదైతే డబ్బు వెనక్కి తీసుకోవచ్చు, లేదా కొత్తది వచ్చాక మార్చుకోవచ్చు; పెట్టె లేకపోయినా అభ్యంతరం లేదు. ఉన్నదానితోనే తృప్తిగా ఎగురుతున్నాము, ఉంచుకుంటాము అనేవారికి ధరలో తేడా తిరిగి ఇస్తాము.

ఇకపై ప్రతి విడతలోనూ ఒక పెట్టెను నేనే తెరిచి, మరలు విప్పి, లోపలి భాగం ఫోటోను ఆ జాయ్‌స్టిక్ వివరణతో పాటు పెడతాను. మూడుసార్లు రాయవలసి వచ్చిన ఆ కొనుగోలుదారుకు క్షమాపణ చెప్పి, డబ్బు మొత్తం తిరిగి పంపాను. డెడ్‌జోన్‌ను మళ్లీ మొదటి స్థాయికి తగ్గించుకోమని కూడా ఆయనకు రాశాను.