ఆ ఎనిమిది లైన్లతో ఆపెయ్యకండి మంత్రిగారూ

గౌరవనీయులైన ఉన్నత విద్యాశాఖ మంత్రిగారికి నమస్కారం.

డిగ్రీ ఇంగ్లీషు సిలబస్ గురించి మేం లెక్చరర్లం కొందరం కలిసి ఇచ్చిన అర్జీలు మీ పేషీలోనే ఉన్నాయి. పరిశీలిస్తున్నాం అన్న మాట తప్ప జవాబు లేదు. ఈలోగా క్లాసులు పాత సిలబస్‌తోనే మొదలైపోయాయి, అందుకే ఇలా అందరి ముందు రాయాల్సి వస్తోంది.

అమెరికన్ పోయెట్రీ యూనిట్‌లో, బానిసగా అమెరికాకు తెచ్చిన నల్లజాతి కవయిత్రి ఫిలిస్ వీట్లీది ఒక్క పద్యమే ఉంది సార్. ఆఫ్రికా నుంచి తనను తీసుకొచ్చింది దేవుడి దయే అని మొదలయ్యే ఎనిమిది లైన్లు. బానిసత్వానికి ఆమె కృతజ్ఞతలు చెప్పిందని గైడ్‌లో ఉంటుంది, పిల్లలు అదే బట్టీపట్టి రాస్తారు, మార్కులూ పడతాయి. చివర్లో ఆమె క్రైస్తవుల వైపు తిరిగి, నల్లవాళ్లూ దేవదూతల వరుసలో నిలబడగలరు, గుర్తుపెట్టుకోండి అన్న సంగతి ఎవరికీ పట్టదు.

1761లో బోస్టన్‌లో దిగేనాటికి ఆమెకు ముందుపళ్లు ఊడుతున్నాయి, దాన్నిబట్టే ఏడెనిమిదేళ్లుంటాయని లెక్కేశారు. ఓడ పేరు ఫిలిస్, కొనుక్కున్నవాళ్ల ఇంటిపేరు వీట్లీ. కన్నవాళ్లు ఏమని పిలిచేవారో ఈ రోజుకీ తెలీదు. పెద్దయ్యాక ఆమె పద్యాలు ఆమే రాసిందని గవర్నర్‌తో సహా 18 మంది బోస్టన్ పెద్దమనుషులు సంతకాలు పెట్టాల్సి వచ్చింది, పుస్తకం మాత్రం 1773లో లండన్‌లో అచ్చయింది.

అంతకు ముందు ఏడాది ఆమె కూడా ఒక మంత్రికే రాసుకుంది. వలసరాజ్యాల వ్యవహారాలు చూసే బ్రిటిష్ మంత్రి డార్ట్‌మత్ ప్రభువుకు. స్వేచ్ఛంటే నాకింత ప్రేమ ఎక్కణ్ణుంచి వచ్చిందంటారేమో, పసితనంలో నన్ను ఆఫ్రికా నుంచి లాక్కొచ్చారు, నా కన్నవాళ్ల గుండె ఎంత తల్లడిల్లి ఉంటుందో అని ఆ పద్యంలో చెప్పుకుంది. ఇది జిరాక్స్ తీసి క్లాసులో పంచితే ఒకమ్మాయి పాత పద్యం మళ్లీ తిప్పి చూసుకుని, రెండూ రాసింది ఒకరేనా మేడమ్ అని అడిగింది. మిగతావాళ్లు పరీక్షలో రాదుగా అని పక్కన పెట్టేశారు. వాళ్లనేం అనగలను, మార్కుల టెన్షన్ వాళ్లది!

గుళ్లోకి అడుగుపెట్టనివ్వని మనిషి తన గోడు గబ్బిలంతో శివుడికి చెప్పి పంపిన జాషువా కావ్యం తెలిసిన పిల్లలు వీళ్లు. దేవుణ్ణి నమ్ముతూనే అన్యాయాన్ని అడగడం వీళ్లకు అర్థంకాని సంగతేం కాదు. మనమే చదవనివ్వడం లేదు.

నార్త్ కరోలినాలో బానిసగా ఉన్న జార్జ్ మోజెస్ హోర్టన్ 1829లో పద్యాల పుస్తకం వేశాడు, అది అమ్ముడైతే తన విడుదల తనే కొనుక్కోవచ్చన్న ఆశతో. డబ్బు చాలలేదు, 1865 దాకా బానిసగానే ఉన్నాడు. ఆయన పేరే మా సిలబస్‌లో లేదు.

డార్ట్‌మత్ పద్యాన్ని ఆ ఎనిమిది లైన్ల పక్కన చేర్పించండి సార్. హోర్టన్‌వి కూడా ఒకటి రెండు పెట్టించండి. అన్నీ కాపీరైట్ లేని పద్యాలే, పైసా ఖర్చుండదు. సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ వచ్చే మీటింగ్ లోపల మా అర్జీకి అవునో కాదో, ఏదో ఒక జవాబు ఇప్పించండి.

ఇట్లు,
ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఇంగ్లీషు లెక్చరర్