హారం తెలియని చోటికి వస్తున్నావు

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అంది మూడు వారాలు దాటింది. జవాబు ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకు. "ఇరవై రెండేళ్ళు దళాల నీళ్ళూ, దోమలూ, టీకాలూ, మరుగుదొడ్లూ చూసుకున్నవాడికి బయట ఎవరు ఉద్యోగమిస్తారు?" అని నువ్వు రాసిన వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నాలుగేళ్ళ క్రితం సైన్యం నుంచి బయటికొచ్చే ముందు నేనూ ఇంచుమించు ఇవే మాటలు డైరీలో రాసుకున్నాను. అందుకే పైపైన నాలుగు ధైర్యవచనాలు రాసి ఊరుకోవడం ఇష్టం లేకపోయింది.

ఉద్యోగం దొరుకుతుంది. ఆ విషయంలో నాకు అనుమానం లేదు. నేను తడబడ్డది ఉద్యోగం దొరికాక, మొదటి పెద్ద పని మీద పడినప్పుడు. ఒక బస్తీలో అతిసారం మొదలైంది, వెళ్ళి చూడమన్నారు. వెళ్ళగానే నేను అలవాటు ప్రకారం, "ఇక్కడ ఉండేవాళ్ళ జాబితా ఒకసారి ఇవ్వండి, జబ్బు చేసినవాళ్ళెందరో చేయనివాళ్ళెందరో చూద్దాం" అన్నాను. పక్కనున్న కుర్రవాడు "ఏ జాబితా అండీ?" అన్నాడు. ఎగతాళికి అనలేదు, అతనికి నిజంగానే నేనేమడిగానో అర్థం కాలేదు.

మన దగ్గర ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకో. తెల్లారేసరికి హాజరు పట్టీ సిద్ధంగా ఉండేది, సెలవులో ఎవరున్నారో ఆసుపత్రిలో ఎవరున్నారో పేర్లతో సహా తెలిసేది. జబ్బుపడ్డవాళ్ళ లెక్క పైన వేసి, పట్టీలోని మొత్తం కింద వేస్తే రేటు వచ్చేసేది. ఆ కింది సంఖ్యను, అంటే హారాన్ని, రోజూ ఎవరో ఒకరు మన చేతికి అందించేవారు కనుక అది కష్టపడి సంపాదించవలసిన వస్తువని మనకు తట్టనే లేదు. ఆ బస్తీలో ఆసుపత్రికి వచ్చినవారు 31 మంది. ఎంతమందిలో 31? అద్దెకున్నవాళ్ళు, రాత్రి పడుకోవడానికి మాత్రమే వచ్చి వేకువనే పనికి పోయేవాళ్ళు, పేరు చెబితే ఎక్కడ ఖాళీ చేయిస్తారోనని తలుపు తీయనివాళ్ళు, వీళ్ళెవరూ ఏ కాగితంలోనూ లేరు. మూడు రోజులు ఇల్లిల్లూ తిరిగి లెక్కపెడితే తలుపుల సంఖ్య వచ్చింది గానీ మనుషుల సంఖ్య రాలేదు. ఆ లెక్కలో ఎవరెవరు ఉన్నారన్నది ఇంకో కొత్త పాఠం. మనం చూసినవాళ్ళంతా వైద్యపరీక్షలో నెగ్గి చేరిన, వయసులో ఉన్న మనుషులు. ఇక్కడ ఆరు నెలల పసిపాప, ఎనిమిదో నెల గర్భిణి, చక్కెర జబ్బుతో కాలి పుండు మానని పెద్దాయన ఒకే ఇంట్లో ఉంటారు. అదే నీరు తాగినా ఒక్కొక్కరికి ఒక్కో ప్రమాదం.

రెండో దెబ్బ ఆజ్ఞ విషయంలో తగిలింది. మన శిబిరంలో "ఈ ట్యాంకు నీళ్ళు తాగవద్దు" అంటే ఎవరూ తాగేవారు కాదు. ఇక్కడ క్లోరిన్ మాత్రలు ఇంటింటికీ పంచి, ఎలా వాడాలో గట్టిగా, స్పష్టంగా చెప్పాను. అందరూ తలూపారు, మాత్రలు తీసుకున్నారు. మర్నాడు తిరిగి చూస్తే చాలా ఇళ్ళలో అవి గూట్లో ఎక్కడ పెట్టారో అక్కడే ఉన్నాయి. ఒక పెద్దావిడ మొహమాటం లేకుండా చెప్పేసింది: "నాయనా, ఆ నీళ్ళు బ్లీచింగు వాసన. నా మనవడు నోట పెట్టడం లేదు." నాకు మొదట కోపం వచ్చింది, ఆ మాట నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను? తరువాత ఆవిడ గుమ్మంలోనే కూర్చుని, సంచిలోంచి పరీక్ష గొట్టం తీసి, ఆవిడ బిందెలోని నీళ్ళు గీత దాకా పోసి, క్లోరిన్ ఉంటే గులాబీ రంగు తెచ్చే డీపీడీ మాత్ర వేశాను. రంగు రాలేదు. ట్యాంకు దగ్గర పట్టి తెచ్చిన నీళ్ళలో ఇంకో మాత్ర వేస్తే లేత గులాబీ రంగు వచ్చింది. ఆవిడ రెండు గొట్టాలూ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, "అక్కడున్నది నా ఇంటికొచ్చేలోపు ఎక్కడ పోయింది?" అంది. సరిగ్గా అడగవలసిన ప్రశ్న అదే. బిందెకు మూత లేదు, గ్లాసు ముంచేటప్పుడు చెయ్యి మునుగుతోంది, ట్యాంకులో ఉన్న కాస్త క్లోరిన్ ఆ మురికితోనే ఖర్చయిపోతోంది. నేను ఉపన్యాసం మొదలుపెట్టకముందే పక్కింటివాళ్ళు తమ బిందెలు పట్టుకొచ్చి వరుసలో నిలబడ్డారు. క్లోరిన్ వేసిన అరగంట తరువాత నీళ్ళలో లీటరుకు 0.5 మిల్లీగ్రాములు, ఇంట్లో తాగే చోట కనీసం 0.2 మిగలాలన్న అంకెలు నీకూ నాకూ కంఠతా వచ్చు. ఆ అంకెలకు బయట ఏ అధికారమూ లేదు. ఆ గులాబీ రంగుకు మాత్రం ఉంది.

నీ దరఖాస్తు కూడా ఇలాగే ఉండాలంటాను. నా మొదటి దరఖాస్తు చూస్తే నవ్వుతావు. రెండు పేజీలు హోదాలు, దళాల పేర్లు, మూడక్షరాల పొట్టి పేర్లు. ముఖాముఖిలో ఒకావిడ ఓపికగా అంతా చదివి, "ఇంతకీ మీరు పొద్దున లేచి ఏం చేసేవారు?" అని అడిగింది. నా దగ్గర సూటిగా సమాధానం లేదు! తిరిగి వచ్చి మొత్తం చింపి మళ్ళీ రాశాను. "ఆరోగ్య పరిరక్షణ విభాగాధిపతి" అన్నచోట, "నాలుగు నీటి ట్యాంకుల్లో రోజూ రెండుసార్లు క్లోరిన్ కొలిచి, పుస్తకంలో రాసి, తగ్గిన రోజున సరఫరా ఆపించి, కారణం కనిపెట్టి సరిచేయించాను" అని పెట్టాను. "నాయకత్వ పటిమ" అన్న మాట కొట్టేసి, ఎంతమంది సిబ్బందికి దోమల లార్వాలు వెతకడం నేర్పానో రాశాను. తరువాత పిలుపులు రావడం మొదలైంది.

నీళ్ళకు ఎంత బ్లీచింగ్ పౌడర్ కావాలో తేల్చే మన హారక్స్ పెట్టె సంగతి నీకు చెప్పాలి. ఆరు తెల్ల కప్పులు, ఒక నల్ల కప్పు, 2 గ్రాముల చెంచాలు, పిండి-అయొడైడ్ ద్రావణం, అంతే కదా. మూడో కప్పులో మొదటిసారి స్పష్టమైన నీలం వస్తే 455 లీటర్లకు మూడు చెంచాలు, అంటే 6 గ్రాముల బ్లీచింగ్ పౌడర్. దీన్ని రూపొందించిన విలియం హారక్స్ బ్రిటిష్ సైనిక వైద్యుడు. అయినా ఇప్పటికీ సైన్యం గడప తొక్కని వైద్య విద్యార్థులు దాన్ని ప్రయోగశాలలో నేర్చుకుంటున్నారు. సైన్యంలో పుట్టి బయటికొచ్చినవి ఇలాంటివి ఇంకా ఉన్నాయి. అమెరికాలోని పారిస్ ఐలాండ్‌లో 1950లలో కొత్తగా చేరిన మెరైన్లు శిక్షణలో ఎండదెబ్బకు పడిపోతుంటే, తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు, నల్ల గోళంలో పెట్టిన థర్మామీటరు, మామూలు థర్మామీటరు ఈ మూడింటి కొలతలనూ 0.7, 0.2, 0.1 పాళ్ళలో కలిపి, ఒంటికి తగిలే వేడిని చెప్పే ఒక్క అంకె తీసే పద్ధతి వచ్చింది. ఇప్పుడు కొలుముల దగ్గరా, గనుల్లోనూ, కట్టడాల మీదా పనిచేసేవాళ్ళకు ఎంతసేపు పని, ఎంతసేపు నీడ అన్నది ఆ అంకెను చూసే నిర్ణయిస్తున్నారు. నీకు దాంతో చేయి తిరిగింది కనుక కార్మికుల ఆరోగ్య రంగం వైపు తప్పక చూడు. మనవాళ్ళు ఎందుకో అటు తిరిగి కూడా చూడరు, అందరూ ఆసుపత్రుల చుట్టూనే తిరుగుతారు. అమెరికాలో నేటి రోగ నియంత్రణ సంస్థ పుట్టుక కూడా ఇదే దారిలో జరిగింది. 1942లో సైనిక శిబిరాల చుట్టుపక్కల మలేరియాను అదుపు చేయడానికి పెట్టిన కార్యక్రమమే 1946లో అట్లాంటాలో పౌరుల కోసం సీడీసీ అయింది. శిబిరం కంచె దోమకు అడ్డం కాదని వాళ్ళకు ముందే అర్థమైంది మరి.

ఆసుపత్రుల్లో అంటువ్యాధుల నివారణ విభాగం మంచిదే. అయితే అక్కడ నీ పని సగం, చేతులు కడుక్కోని పెద్ద డాక్టరుకు నొప్పించకుండా ఎలా చెప్పాలన్నదే. విపత్తు సహాయ సంస్థల్లో నువ్వు తొలిరోజే ఇమిడిపోతావు. మనిషికి రోజుకు 15 లీటర్ల నీళ్ళు, ఇరవైమందికి ఒక మరుగుదొడ్డి అన్న కనీస లెక్కలు వినగానే నీకు పాత ఇంటికి వచ్చినట్టుంటుంది. కాని అక్కడ ఒప్పందాలు చిన్నవి, ఏడాదికోసారి మళ్ళీ వెతుక్కోవాలి, ఇంట్లోవాళ్ళకు మళ్ళీ దూరం కావాలి. ఆ మాట ముందు వాళ్ళతో మాట్లాడు.

ఈ వయసులో చదువేమిటని అడిగావు. సైనిక వైద్యుడు అల్ఫాన్స్ లావరాన్ 1880లో అల్జీరియాలో మలేరియా పరాన్నజీవిని కళ్ళారా చూశాడు. అంతటివాడికీ పరిశోధన చేసుకునే పదవి సైన్యంలో దక్కలేదు. 1896లో, ఏభై దాటిన వయసులో, అక్కడి నుంచి బయటికొచ్చి పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, 1907లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. నువ్వు నోబెల్ తేనక్కరలేదు, గణాంకశాస్త్రం నేర్చుకుంటే చాలు. హారం లేనిచోట నమూనా తీసి లెక్క వేయడం ఎలాగో, తప్పు ఎంత ఉండవచ్చో చెప్పడం ఎలాగో నాకు రాక ఏడాది ఇబ్బందిపడ్డాను. తల్లీబిడ్డల ఆరోగ్యం, దీర్ఘకాలిక జబ్బులు కూడా పుస్తకం తెరిచి మొదటినుంచి చదువు. ప్రజారోగ్యంలో పీజీ చేస్తే పెద్ద ఉద్యోగాలకు దారి తెరుచుకుంటుంది. అది కుదరకపోతే ఈ మూడూ చాలు. పతకాల్లాగా సర్టిఫికెట్లు పోగుచేసుకోవద్దు.

ఇంకా అక్కడ ఉండగానే చేయవలసిన పని ఒకటుంది. నువ్వు తీసుకున్న ప్రతి శిక్షణకు పత్రం, ప్రతి పదవిలో నీ బాధ్యతల వివరం, నీ పని చూసిన ఇద్దరు పైఅధికారుల లేఖలు ఇప్పుడే చేతికి తెచ్చుకో. నేను తరువాత చూద్దాంలే అనుకున్నాను. ఆరు నెలలకే ఒకరు బదిలీ అయ్యారు, ఒకరు పదవీ విరమణ చేశారు, ఒక కాగితం కోసం పదకొండు ఉత్తరాలు రాశాను. రహస్యమైనవేవీ బయటికి తేవద్దని నీకు చెప్పనక్కరలేదు.

బుద్ధి మాత్రం మారలేదు సుమా. మొన్న చుట్టాలింటికి భోజనానికి వెళ్ళి, చేయి కడుక్కునే నెపంతో మేడెక్కి వాళ్ళ నీళ్ళ ట్యాంకు మూత తీసి చూస్తుంటే మా ఆవిడ కింద నుంచి చూసి పట్టేసింది.

నీ దరఖాస్తు చిత్తుప్రతి వచ్చే వారంలోగా పంపు. పొట్టి పేరు కనిపించిన ప్రతిచోటా ఎర్రగీత గీసి, పక్కన "పొద్దున లేచి ఏం చేసేవాడివి?" అని రాసి తిప్పి పంపుతాను.

ఇట్లు,
నీ పాత గుడారం సావాసగాడు